శుక్రవారం సినిమా: ఇరవై ఆరేళ్ల అత్తగారు

మీ ఫోన్లో అత్తగారి నంబరు ఏ పేరుతో సేవ్ అయ్యుంది? నిజం చెప్పండి. నాకు తెలిసిన ఒకావిడ ‘హెడ్ ఆఫీస్’ అని పెట్టుకుంది. ఇంకొకావిడ అసలు పేరే పెట్టలేదు, ఎర్ర మిరపకాయ బొమ్మ పెట్టి ఊరుకుంది. నేను ‘సూర్యకాంతం’ అని పెట్టుకున్నాను. పెళ్లయిన కొత్తలో ఏదో కోపంలో పెట్టిన పేరు. ఫోన్లు మూడు మారాయి, పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఈ నెల మన శుక్రవారం సినిమా కబుర్లు ఆ పేరు గురించే.

గ్రూపులో కొత్తగా చేరినవాళ్ల కోసం ఒక్క మాట. నేను ఉండేది ఒమన్‌లో, ఇబ్రాలో. మస్కట్ నుంచి కారులో గంటన్నర, రెండు గంటలు. చుట్టూ కొండలు, ఖర్జూరం తోటలు. నేను స్టాఫ్ నర్సుని, ఆయనది కన్‌స్ట్రక్షన్ కంపెనీలో ఉద్యోగం. ఒక్కతే పాప, ఎనిమిదేళ్లు. పోయిన చలికాలం నాకు వరసగా నైట్ డ్యూటీలు పడ్డాయి. పాపని చూసుకోవడానికి మా అత్తయ్య గారు విజిట్ వీసా మీద వచ్చారు. ఆవిడది కాకినాడ దగ్గర పల్లెటూరు. వచ్చిన మూడో రోజుకే నా వంటింట్లో డబ్బాలన్నీ చోటు మారిపోయాయి. ఇంతకంటే చెప్పక్కర్లేదు కదా!

ఒకరోజు మధ్యాహ్నం నా ఫోన్ ఎక్కడ పెట్టానో కనపడలేదు. పొయ్యి మీద పోపు వేగుతోంది. “అత్తయ్య గారూ, ఒక్కసారి నా నంబరుకి రింగ్ ఇవ్వరూ” అని నేనే అడిగాను. అవును, నేనే. ఆవిడ ఇచ్చారు. ఫోన్ సోఫా దిండు కింద మోగింది. పాప పరిగెత్తుకెళ్లి తీసింది. ఇక్కడి స్కూల్లో తెలుగు లేదని రెండేళ్లుగా దానికి ఇంట్లో అక్షరాలు నేర్పిస్తున్నది ఎవరనుకున్నారు? అదీ నేనే. కూడబలుక్కుని గట్టిగా చదివింది. “సూ... ర్య... కాం... తం. నాన్నమ్మా, నీ పేరు ఇదా?”

నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అత్తయ్య గారు నా వైపు చూడను కూడా చూడలేదు. “పోపు మాడుతోంది, చూడు” అన్నారంతే.

ఆ తర్వాత రెండు రోజులు ఇంట్లో మాటలు లేవు. అంటే ఉన్నాయి... అన్నం తిన్నావా, పాప స్నానం అయిందా, అంతవరకే. తిట్టినా బావుండేది. మా వార్డులో నాతోపాటు పనిచేసే మలయాళీ సిస్టర్‌కి చెప్పుకుంటే, ఆ పేరులో అంత ఏముందో ఆవిడకి అర్థం కాలేదు. ఫిలోమినా గారిలాంటి ఆవిడ అని చెప్పాను. అప్పుడు నోరు నొక్కుకుంది.

శుక్రవారం పొద్దున్న నేను డ్యూటీ దిగి వచ్చేసరికి అత్తయ్య గారు టీవీ ముందు కూర్చుని ఉన్నారు. “అమ్మాయ్, కాస్త పడుకుని లే. సాయంత్రం ఆవిడ సినిమా ఒకటి పెట్టు. నేను ఆవిడలా ఎక్కడున్నానో చూద్దాం” అన్నారు.

అలా మొదలైంది. వారానికొకటి చొప్పున, ఆవిడ ఉన్నన్నాళ్లూ సూర్యకాంతం గారి సినిమాలే చూశాం. మొదటి వారం సిగ్గుతో చూశాను. తర్వాత సినిమా మీద ఇష్టంతో చూశాను. మీకు చెప్పాలనుకున్నవి అప్పుడు గమనించినవే.

ముందు ఒక లెక్క చెప్తాను. సూర్యకాంతం గారు పుట్టింది 1924 అక్టోబర్ 28న, కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురంలో. ఇంట్లో పద్నాలుగో సంతానం అంటారు. ఆవిడకి గయ్యాళి అత్తగా పేరు తెచ్చిన సినిమా ‘సంసారం’. ఎల్.వి. ప్రసాద్ గారి దర్శకత్వంలో 1950 ఆఖర్లో వచ్చింది. అంటే అప్పటికి ఆవిడకి ఇరవై ఆరేళ్లు! అందులో ఆవిడ కొడుకు ఎన్టీ రామారావు గారు. ఆయన పుట్టింది 1923 మేలో. తల్లి కంటే కొడుకు ఏడాదిన్నర పెద్ద అన్నమాట. ఇరవై ఆరేళ్లకి నేను నర్సింగ్ అయిపోయి పెళ్లిచూపులకి కూర్చుంటున్నాను. ఆవిడ ఆ వయసులో పెద్దకొంగు కప్పుకుని, కోడల్ని సాధించే వేషం వేస్తోంది.

ఇంకో లెక్క కూడా చూడండి, ఇది నాకు మరీ నచ్చింది. ఎస్వీ రంగారావు గారు 1918లో పుట్టారు, ఆవిడ కంటే ఆరేళ్లు పెద్ద. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో ఘటోత్కచుడు ఆయన, తల్లి హిడింబ ఈవిడ. 1961లో ‘వెలుగు నీడలు’లో ఇద్దరూ భార్యాభర్తలు. 1962లో ‘గుండమ్మ కథ’ వచ్చేసరికి వియ్యంకుడు, వియ్యపురాలు. ఐదేళ్లలో కొడుకు మొగుడై, మొగుడు వియ్యంకుడైపోయాడు! ఈ మాట చెప్తే అత్తయ్య గారు మొదటిసారి నవ్వారు. “మరి చూస్తున్నప్పుడు ఎవరికైనా తేడా తెలిసిందా?” అన్నారు. తెలియలేదు. అదీ సంగతి.

ఆవిడేం అత్త వేషాలు వేయాలని మద్రాసు వెళ్లలేదు. చిన్నప్పుడే పాట, ఆట నేర్చుకుంది. హిందీ సినిమాలంటే పిచ్చి. జెమినీ స్టూడియోలో నెలజీతానికి చేరి ‘చంద్రలేఖ’లో డాన్సర్లలో ఒకరిగా చేసింది. 1946లో ‘నారద నారది’లో చిన్న వేషం దొరికింది. ఆ తర్వాత హీరోయిన్ అవకాశం దాకా వచ్చింది. ‘సౌదామిని’ సినిమాకి అనుకున్నారు. ఆ సమయంలో కారు ప్రమాదంలో మొహానికి దెబ్బ తగిలి అది చేయి దాటిపోయింది. ఇంకోసారి బొంబాయి నిర్మాత ఎవరో పిలిచి హీరోయిన్ వేషం ఇస్తామన్నారట. అంతకుముందు ఆ వేషానికి తీసుకున్న అమ్మాయిని తీసేసి ఇస్తున్నారని తెలిసి, ఇంకొకళ్లు ఏడిస్తే నేను నవ్వలేనని ఈవిడ వద్దందని చెప్తారు. జీవితమంతా తెరమీద కోడళ్ల ఏడుపు చూసి నవ్విన మనిషి!

హిందీలో లలితా పవార్ గారిది కూడా దాదాపు ఇదే కథ. ఆవిడ హీరోయిన్‌గా చేస్తూ ఉండగా, 1942లో ఒక సీన్‌లో తోటి నటుడు కొట్టిన చెంపదెబ్బ గట్టిగా తగిలి ఎడమ కన్ను దెబ్బతింది. ఏళ్ల తరబడి వైద్యం. మళ్లీ వచ్చేసరికి అత్తలు, సవతి తల్లులు. టీవీ రామాయణంలో మంథర ఆవిడే. ఇద్దరికీ మొహానికే దెబ్బ తగిలింది, ఇద్దరికీ అత్తరికమే దక్కింది. నేను నర్సుని కాబట్టి ఇలాంటివి చదివితే దెబ్బ ఎలా తగిలింది, ఎన్ని కుట్లు పడ్డాయి అని ముందు అక్కడికే పోతుంది మనసు. ఒక మచ్చ ఎవరి బతుకుని ఎటు తిప్పుతుందో మా వార్డులో రోజూ చూస్తూనే ఉంటాం.

సరే, సినిమాల్లోకి వద్దాం. సహాయ పాత్రలు వేసేవాళ్లకి ఒక ఇబ్బంది ఉంటుంది. కథ వాళ్లది కాదు. హీరో హీరోయిన్ల పాట అయ్యాక ఐదు నిమిషాలు వస్తారు, నవ్వించాలి లేదా ఏడిపించాలి, వెళ్లిపోవాలి. సూర్యకాంతం గారు ఆ ఐదు నిమిషాల్లో ఏం చేస్తారో ఈసారి జాగ్రత్తగా చూడండి. ఎడమ చెయ్యి. మాట కంటే ముందు ఆ చెయ్యి లేస్తుంది. వేళ్లు విడదీసి, మణికట్టు దగ్గర ఒక్క తిప్పు తిప్పితే ఎదుటి మనిషి మాట సగంలో ఆగిపోవాల్సిందే. రెండోది గొంతు మార్చడం. కోడలి మీద కంచు మోగినట్టు మోగుతూ ఉంటుంది, గుమ్మంలో డబ్బున్న మనిషి కనపడగానే అదే ఊపిరిలో తేనె కారుతుంది. మధ్యలో గ్యాప్ ఉండదు. మనకి నవ్వొచ్చేది అక్కడే. తిట్టు వల్ల కాదు, అంత తొందరగా మారిపోవడం వల్ల.

‘తోడికోడళ్లు’లో (1957) రేలంగి గారు ఆవిడ భర్త. ఉమ్మడి కుటుంబంలో చిచ్చు పెట్టే అనసూయ వేషం. రేలంగి గారు ఎంత జారిపోతే ఈవిడ అంత బిగుస్తుంది. ఇద్దరు కమెడియన్లు ఒకరి సీన్ ఒకరు లాక్కోకుండా చేయడం ఎంత కష్టమో ఇప్పటి సినిమాలు చూస్తే తెలుస్తుంది. అందరూ ఒకేసారి అరుస్తారు. వీళ్లలో ఒకరు మాట్లాడుతుంటే రెండోవారు వింటారు. వినడం కూడా నటనే అని నాకు ఆ సినిమాలోనే అర్థమైంది.

‘మాయాబజార్’ చూసినప్పుడు పాప కూడా మాతో కూర్చుంది. అందులో ఆవిడ రాక్షస స్త్రీ, కానీ గయ్యాళి కాదు. అడవిలో ఉన్నా పెద్దరికం ఉన్న తల్లి. అంత పెద్ద ఘటోత్కచుడూ తల్లి ముందు చిన్నపిల్లాడే. తెలుగు సినిమాలో రాక్షసికి ఇచ్చిన మర్యాద అత్తగారికి ఇవ్వలేదన్నమాట! ఇది నా మాట కాదు, అత్తయ్య గారిది.

‘గుండమ్మ కథ’ మాత్రం రెండుసార్లు చూశాం. అసలు ఆ సినిమా పేరే విచిత్రం. రామారావు గారికి అది నూరో సినిమా, నాగేశ్వరరావు గారికి తొంభై తొమ్మిదోది. సావిత్రి, జమున, రంగారావు, రమణారెడ్డి అందరూ ఉన్నారు. విజయా వారి సినిమా. అంతమంది ఉండగా పోస్టరు మీద పేరు ఎవరిది? గుండమ్మది. ఇద్దరు పెద్ద హీరోలున్న సినిమాకి సహాయ పాత్ర పేరు పెట్టడం అంటే ఆ రోజుల్లో మామూలు ధైర్యం కాదు, ఈ రోజుల్లో అయితే ఊహకే అందదు. 1958లో విఠలాచార్య గారు కన్నడంలో తీసిన ‘మనె తుంబిద హెణ్ణు’ దీనికి మూలం. అది విడుదలైన 1962 జూన్ నాటికి గుండమ్మకి ముప్పై ఏడేళ్లు. మన గ్రూపులో సగం మంది కంటే చిన్నది! ఆ మాట తట్టినప్పుడు నేను సినిమా ఆపి కాసేపు ఆ మొహాన్నే చూశాను. ముడతలు లేవు. నడకలో, కూర్చునే తీరులో తెచ్చుకున్న వయసు అది.

నేను చిన్నప్పటి నుంచీ గుండమ్మ అంటే రాక్షసి అనుకునేదాన్ని. ఈసారి చూస్తే, నిజానికి సినిమాలో ఆవిడ చేసే ఘోరాలు పెద్దగా లేవు. సవతి కూతురితో చాకిరీ చేయిస్తుంది, సొంత కూతుర్ని నెత్తిన పెట్టుకుంటుంది. తప్పే, కాదనను. కానీ మిగతా భయమంతా ఆ మనిషిని చూడగానే మనకి మనమే తెచ్చుకుంటాం. సూర్యకాంతం కనపడితే చాలు, గయ్యాళితనం చూపించడానికి వేరే సీన్లు అక్కర్లేదని చక్రపాణి గారు అనేవారని చెప్తారు. నిజమే. అప్పటికి పన్నెండేళ్లుగా ఆవిడ సంపాదించుకున్న పేరే సగం నటించేసింది. రెండో సగంలో ఛాయాదేవి గారి దుర్గమ్మ దిగుతుంది, గుండమ్మని గదిలో పెట్టి తాళం వేస్తుంది. హాల్లో జనం చప్పట్లు కొట్టే చోటు అదేనట. చిన్నప్పుడు నేనూ కొట్టాను.

అత్తయ్య గారు కొట్టలేదు. ఆ సీన్ దగ్గర రిమోట్ తీసుకుని ఆపారు. “అమ్మాయ్, ఆ ఇల్లు చూశావా? ఆస్తి ఉంది, మొగుడు లేడు. ఆ గంటయ్యలాంటివాళ్లు చుట్టూ తిరుగుతూనే ఉంటారు. నోరు లేకపోతే ఆ ఇల్లు ఉండేదా?” అన్నారు.

మా మామగారు పోయేనాటికి అత్తయ్య గారికి ముప్పై నాలుగేళ్లు. ఇద్దరు మగపిల్లలు, ఎకరంన్నర పొలం, గట్టు తగాదా పెట్టిన దాయాదులు. ఇవన్నీ పెళ్లప్పుడే మా ఆయన చెప్పారు, నేను విన్నాను, మర్చిపోయాను. ఆ రోజు ఆవిడే చెప్పారు. పాలేరు దగ్గర, పురుగుమందుల కొట్లో, రెవెన్యూ ఆఫీసులో గొంతు పెంచితే తప్ప పని అయ్యేది కాదట. “పొద్దున్నంతా బయట అరిచి ఇంటికొస్తే, ఆ గొంతు గుమ్మం బయట విడిచి రావడం నాకు చాతకాలేదు. చెప్పులైతే విడవచ్చు” అన్నారు. తర్వాత రిమోట్ నాకిచ్చి, “ఊఁ, పెట్టు. సావిత్రి వచ్చి విడిపిస్తుంది కదా” అన్నారు.

నేను పెట్టాను. ఏం మాట్లాడాలో తెలియక పెట్టాను.

ఈ సినిమాని మళ్లీ తీయాలనే మాట చాలాసార్లు వినిపించింది. హీరోలు దొరుకుతారు కానీ గుండమ్మ దొరకదని ప్రతిసారీ అంటారు. ఆవిడ పేరే దీనికి కారణమేమో. గుమ్మడి గారు ఒకసారి సరదాగా అన్నారట, ఈవిడ తెలుగువాళ్లకి ఒక అన్యాయం చేసింది, సూర్యకాంతం అనే చక్కటి పేరుని ఇక ఎవరూ ఆడపిల్లకి పెట్టుకోకుండా చేసిందని. ఆలోచించండి, సూర్యకాంతం అంటే ఎంత మంచి పేరు! నేను దాన్ని తిట్టుగా ఫోన్లో దాచుకున్నాను.

అసలు మనిషి ఎలా ఉండేదో తోటివాళ్లు చెప్పిన మాటలు చదివితే ఇంకా సిగ్గేస్తుంది. షూటింగ్‌కి ఇంటి నుంచి పెద్ద క్యారియర్లలో వండి తెచ్చి, సెట్ మీద అందరికీ కొసరి కొసరి వడ్డించేదట. డబ్బు విషయంలో మాత్రం ఖచ్చితం, రావాల్సింది అడిగి తీసుకునేది. అలా అడిగిన మగ నటుణ్ణి లౌక్యం తెలిసినవాడంటారు, ఆడదాన్ని వేరే మాట అంటారు, మనకి తెలియనిదా! భర్త పెద్దిభొట్ల చలపతిరావు గారు, న్యాయవాద వృత్తి నుంచి జడ్జి అయినాయన. వాళ్లకి పిల్లల్లేరు, అక్క కొడుకుని పెంచుకున్నారు. ‘వెలుగు నీడలు’లో ఆవిడ వేషం గుర్తుందా? పెంచుకున్న కూతురు ఉండగా సొంత కూతురు పుట్టేసరికి పెంపుడు పిల్లని ఈసడించుకునే తల్లి. ఇంట్లో అక్క బిడ్డని సొంత బిడ్డలా పెంచుతున్న మనిషి స్టూడియోకి వచ్చి అది చేసింది. మేకప్ తీసేసి మళ్లీ ఇంటికి వెళ్లి అన్నం కలిపి పెట్టి ఉంటుంది. ఆ గొంతు గుమ్మం బయట విడవడం ఆవిడకి చాతనైంది.

వందల సినిమాలు చేసింది. ‘అత్తగారూ కొత్తకోడలు’, ‘అత్తలూ కోడళ్లూ’ లాంటి పేర్లున్న సినిమాలు ఆవిడని దృష్టిలో పెట్టుకుని పుట్టినట్టే ఉంటాయి. తర్వాత తర్వాత వచ్చిన కొన్ని నాకు నచ్చలేదు. అదే చెయ్యి, అదే అరుపు, రాసేవాళ్లకి బద్ధకం. వాటిలోనూ ఆవిడ తప్పు కనపడదు, వడ్డించినదే తినాలి కదా. తిరుపతి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఆవిడకి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది. ఆడపిల్లలు చదువుకునే చోట గయ్యాళి అత్తకి పట్టా! నాకైతే భలే ముచ్చటేసింది.

అత్తయ్య గారు వెళ్లే ముందు బుధవారం మా ఇబ్రా ఆడవాళ్ల సంతకి తీసుకెళ్లాను. చాలాకాలంగా జరుగుతోంది ఇక్కడ, ప్రతి బుధవారం పొద్దున్న. అమ్మేదీ ఆడవాళ్లే, కొనేదీ ఆడవాళ్లే, మగవాళ్లకి ప్రవేశం లేదు. గుడ్డలు, సాంబ్రాణి, అత్తర్లు, మసాలా దినుసులు, చేత్తో కుట్టినవి. మొహానికి బట్టతో చేసిన ముసుగు పెట్టుకున్న ఒక పెద్దావిడ సాంబ్రాణి అమ్ముతోంది. అత్తయ్య గారికి అరబ్బీ రాదు, ఆవిడకి తెలుగు రాదు. ఆవిడ వేళ్లతో మూడు చూపించింది, మూడు రియాళ్లు. అత్తయ్య గారు సంచీ కుడిచేత్తో పట్టుకుని ఉన్నారు. ఎడమ చెయ్యి లేచింది. వేళ్లు విడదీసి, మణికట్టు దగ్గర ఒక్క తిప్పు.

నాకు నవ్వు ఆగలేదు. అత్తయ్య గారు నా వైపు చూసి, ఎందుకు నవ్వుతున్నానో అర్థమై, తనూ నవ్వేశారు. ఆ పెద్దావిడకి ఏమీ అర్థం కాకపోయినా ఆవిడా నవ్వింది. రెండు రియాళ్లకి ఇచ్చేసి, పైన ఒక గుప్పెడు కొసరు వేసింది. ఆ సాంబ్రాణి ఇప్పుడు కాకినాడ దగ్గర దేవుడి గదిలో వెలుగుతోంది.

ఎయిర్‌పోర్టులో సెక్యూరిటీ లోపలికి వెళ్లేముందు నేను ఫోన్ తీసి, “అత్తయ్య గారూ, పేరు మార్చేస్తున్నాను” అని చూపించబోయాను. “ఎందుకు, ఉండనీ. ఆవిడ మా ఊరి పక్క ఆవిడే” అన్నారు. మార్చలేదు. నిన్న రాత్రి నేను డ్యూటీలో ఉండగా ఫోన్ చేశారు, ఎత్తలేకపోయాను. తెర మీద మూడు మిస్డ్ కాల్స్, సూర్యకాంతం. పొద్దున్న నేనే చేస్తే తిట్లు. ఆవకాయ జాడీ మూత సరిగ్గా పెట్టానో లేదో అడగడానికట.

పెట్టలేదు. వెళ్లి పెట్టొచ్చాను.

ఈ శుక్రవారం ‘తోడికోడళ్లు’ చూడండి, రేలంగి గారు వింటున్నప్పటి మొహం చూడండి. వచ్చే నెల ఛాయాదేవి గారి గురించి రాస్తాను, గుండమ్మకి తాళం వేసినావిడ కదా, ఆవిడనీ వదలకూడదు. మీ ఫోన్లో మీ అత్తగారి పేరు ఏమని ఉందో ధైర్యం ఉంటే నాకు విడిగా మెసేజ్ పెట్టండి. మీ పేర్లు వేయను. పిల్లలకి తెలుగు చదవడం వచ్చినవాళ్లు మాత్రం కాస్త జాగ్రత్త.